కేకు పైపూత వెనక కథ

రియాద్‌లో పనిచేసిన తెలుగువాళ్ళకి మలాజ్ గురించి చెప్పక్కర్లేదు. తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. ఒకప్పుడు అక్కడ గుర్రప్పందేలు జరిగేవనీ, ఆ పేరు అందువల్లే వచ్చిందనీ అంటారు. 1950ల్లో సౌదీ ప్రభుత్వ శాఖలు హిజాజ్ ప్రాంతం నుంచి రియాద్‌కి తరలివచ్చినప్పుడు, ఉద్యోగుల కోసం తిన్నటి వీధులూ విల్లాలూ వేసి ఆ పేట కట్టారు. అప్పట్లో దాన్ని ‘కొత్త రియాద్’ అనేవారు. ఊరు ఉత్తరానికి పెరిగాక ఆ కొత్త రియాద్ కాస్తా పాతబడింది. మనబోటివాళ్ళు వచ్చి చేరారు. ఇప్పుడు అక్కడ ఏ అపార్ట్‌మెంటు మెట్లెక్కినా ఒక అంతస్తులో సాంబారు, ఇంకో అంతస్తులో చేపల పులుసు, ఆ పైన సుడానీల ఉల్లిపాయ వేపుడు. నేను 2009లో సాఫ్ట్‌వేర్ పని మీద వెళ్ళి కాపురం పెట్టింది అక్కడే.

ఆ మలాజ్ వంటగదిలో చేసుకునే క్రిస్మస్ కేకు గురించి రాద్దామని కూర్చున్నాను. కేకు గురించి కూడా కాదు, కేకు మీద పూసే ఐసింగు గురించి, దాని మీద పెట్టే అలంకారాల గురించి. ఇదీ ఒక చరిత్రేనా అని మీరు నవ్వొచ్చు. కానీ కాస్త ఆలోచించండి. ఎండుద్రాక్ష, ఖర్జూరం, బాదం వేసి కాల్చిన నల్లటి కేకుకి మతం లేదు. ఏ రోజైనా ఎవరైనా తినొచ్చు. అది క్రిస్మస్ కేకు అయ్యేది పైన తెల్లటి పూత పడి, దాని మీద ఒక చుక్కో, ఒక మాటో ఎక్కినప్పుడే. మా కంప్యూటర్ భాషలో చెప్పాలంటే కేకు వెనక నడిచే ప్రోగ్రాము, ఐసింగు తెర మీద కనబడే బొమ్మ. ఊరికి కనిపించేది బొమ్మే కదా!

2009లో మలాజ్‌లో చిక్కంతా ఆ కనిపించే దగ్గరే ఉండేది. సౌదీలో ఇస్లాం కాక మరే మత ఆరాధనా బహిరంగంగా చేసే వీలు లేదు, చర్చిలు లేవు. ఎవరింట్లో వాళ్ళు ప్రార్థన చేసుకుంటే అభ్యంతరం లేదని అధికారులు చెబుతూ వచ్చినా, ఇల్లు ఎక్కడ ఆగుతుంది, బహిరంగం ఎక్కడ మొదలవుతుంది అన్నదానికి గీత గీసి చూపించినవాళ్ళు లేరు. ఆ సంవత్సరం డిసెంబరు 25 శుక్రవారం పడింది. అప్పట్లో అక్కడ వారాంతపు సెలవు గురు, శుక్రవారాలు (2013 జూన్ చివర్లో శుక్ర, శనివారాలకి మార్చారు). అంటే సెలవు పెట్టకుండానే పండగ దొరికింది. నాలుగు కుటుంబాలు ఒకరింట్లో భోజనానికి కలుద్దామనుకున్నాం. కేకు మా వంతు. ఇంట్లో ఉన్నంతసేపూ అది మా కేకు. టాక్సీలో మా ఒళ్ళో ఉన్న ఇరవై నిమిషాలూ అది ఊరి కేకు. పైన ఏం పెట్టాలి అన్న ప్రశ్న అలా వచ్చింది.

గుంటూరులో మా అమ్మకి ఇలాంటి ప్రశ్న ఎప్పుడూ రాలేదు. తెలుగుదేశంలో ప్రొటెస్టెంట్ మిషన్ల పని 1805లో విశాఖపట్నంలో మొదలై, 1840లో నెల్లూరు, 1841లో మచిలీపట్నం, 1842లో గుంటూరు చేరింది. దొరసానులు వాళ్ళ వంటలు వాళ్ళు తెచ్చుకున్నారు గానీ, మన ఇళ్ళలో క్రిస్మస్ అంటే అరిసెలే, గవ్వలే, గులాబీ పువ్వులే. కేకు పట్నం వస్తువు. దానికి పొయ్యి సరిపోదు, ఓవెన్ కావాలి. అందుకని నా చిన్నప్పుడు పిండి ఇంట్లో కలిపి, రేకు డబ్బాల్లో పోసి, పేరు రాసిన చీటీ అంటించి బేకరీ బట్టీకి మోసుకెళ్ళేవాళ్ళం. దాని మీద ఐసింగు లేదు, ఏమీ లేదు. ఆ మాటకొస్తే మన దేశంలో ప్లమ్ కేకు పుట్టుకే అంత. 1883లో తలశ్శేరిలో మంబల్లి బాపు అనే బేకరీ యజమాని, మర్డాక్ బ్రౌన్ అనే ఇంగ్లీషు తోట యజమాని ఇచ్చిన నమూనా చూసి మన దేశపు మొదటి క్రిస్మస్ కేకు కాల్చాడని మలయాళీలు గర్వంగా చెప్పుకుంటారు. ఆ సంప్రదాయంలో ఇప్పటికీ ప్లమ్ కేకు కాగితంలో చుట్టుకుని, పైన పూత లేకుండానే అమ్ముడవుతుంది. ఐసింగు అన్నది మనకి పుట్టినరోజు కేకు సంగతి. వనస్పతి కొట్టి చేసిన ఆ గులాబీరంగు పువ్వులు నాలుక మీద మైనంలా అతుక్కునేవి, గుర్తుందా?

మరి పూత లేని కేకుతో పెరిగినవాళ్ళకి మలాజ్‌లో పూత ఎందుకు కావాల్సి వచ్చింది? దీనికి జవాబు దొరకడానికి నాకు కొంత కాలం పట్టింది. గుంటూరులో పండగని మోసేవి చాలా ఉండేవి. డాబా మీద కాగితపు నక్షత్రం, అర్ధరాత్రి గుమ్మంలోకొచ్చి డోలక్ కొట్టే క్యారల్స్ బృందం, చర్చి గంట, కొత్త బట్టల గంజి వాసన. కేకు ఉత్తగా ఉన్నా పండగ ఉత్తగా ఉండేది కాదు. మలాజ్‌లో డాబా మీద నక్షత్రం లేదు, గంట లేదు, పాట గోడ దాటకూడదు. అవన్నీ వచ్చి ఎనిమిది అంగుళాల కేకు మీద ఎక్కాల్సి వచ్చింది. అందుకే మా ఆవిడ, “ఈసారి తెల్లగా పూసి, పైన ఏదైనా పెడదామండీ. పిల్లకి పండగని తెలియాలి కదా” అంది. అప్పటికి పిల్ల వయసు రెండేళ్ళు.

ఇంతకీ ఆ తెల్లటి పూత ఎక్కడిది? ఇంగ్లీషువాళ్ళదని అందరం అనుకుంటాం. తవ్వితే దారి మన వాకిట్లో మొదలై, అరబ్బుల వాకిట్లోంచి వెళ్ళింది. సంస్కృతంలో శర్కర అంటే ఇసుక పలుకు, గులకరాయి. చెరుకు రసాన్ని కాచి పలుకులు కట్టించడం నేర్చినవాళ్ళు ఆ పలుకులకి ఆ పేరే పెట్టారు. అది పారశీకంలో షకర్, అరబీలో సుక్కర్ అయి, యూరప్ భాషల్లో రకరకాల వేషాలు వేసింది. మనకి చక్కెరగా మిగిలింది. మన ఖండం వాళ్ళ కంద్ అయింది, ఇంగ్లీషు క్యాండీ అయింది. మన కలకండలోనూ ఉన్నది ఆ ముక్కే. చెరుకుతోటల్ని ఈజిప్టు, సిసిలీ, స్పెయిన్ దాకా తీసుకెళ్ళింది అరబ్బులు. రియాద్‌లో నాకిష్టమైన ఖర్జూరం పేరు సుక్కరి, అంటే చక్కెరది అని. పళ్ళకొట్టులో ఆ పేరు పిలిచినప్పుడల్లా మన మాట ఊరంతా తిరిగి నా సంచిలోకే వచ్చినట్టుంటుంది.

ఐసింగు కింద వేసే బాదం ముద్ద, మార్జిపాన్, సంగతీ అంతే. 1226లో బాగ్దాదులో సంకలనమైన ఒక వంట పుస్తకంలో లౌజీనజ్ అనే మిఠాయి ఉంది. చక్కెర, బాదం మెత్తగా నూరి పన్నీటితో ముద్ద చేసి పల్చటి రొట్టెలో చుట్టడం. అరబీలో లౌజ్ అంటే బాదం. ఇంగ్లండులో 17వ శతాబ్దపు వంట పుస్తకాలు చూస్తే ఐసింగులో పన్నీరు కలపమని కనిపిస్తుంది. పన్నీటి అలవాటు వాళ్ళకి తూర్పు నుంచి వచ్చిందే. 1769లో ఎలిజబెత్ రాఫాల్డ్ అనే ఆవిడ పెళ్ళి కేకు మీద ముందు బాదం పూత, దాని మీద చక్కెర పూత వెయ్యమని అచ్చు వేయించింది. ఇవాళ్టికీ ఇంగ్లీషు క్రిస్మస్ కేకు ఆ వరసే. ఆ వరసకి కారణం కూడా ఉంది. నల్లటి కేకులోని నూనె, రంగు తెల్లటి ఐసింగులోకి ఊరకుండా బాదం పొర అడ్డుపడుతుంది.

ఆ తెలుపు అంత ముఖ్యం ఎందుకయింది? చక్కెర ఎంత తెల్లగా ఉంటే అంత ఎక్కువసార్లు శుద్ధి చేసినట్టు, అంటే అంత ఖరీదు. తెల్లటి పూత ఇంటివాళ్ళ డబ్బుకి ప్రకటన అన్నమాట. 1840లో విక్టోరియా రాణి పెళ్ళి కేకు దాదాపు 300 పౌన్ల బరువు, 136 కిలోలు. ఆవిడ పెళ్ళితో గుడ్డు తెల్లసొన, చక్కెర పొడి కొట్టి చేసే రాయల్ ఐసింగు ప్రతిష్ఠ పెరిగింది. క్రిస్మస్‌కి ఐసింగు కేకు మాత్రం ఆలస్యంగా వచ్చింది. అంతకు ముందు అలంకారాల కేకు జనవరి 6న, జ్ఞానులు బాలయేసుని చూడవచ్చిన పండగకి కోసేవారు. 19వ శతాబ్దం రెండో సగంలో ఆ పండగ వెనకబడి, దాని కేకు క్రిస్మస్ బల్ల మీదికి జరిగింది.

ఆ తెలుపు వెనక చేతులెవరివో కూడా చెప్పకపోతే కథ సగమే. రాఫాల్డ్ పుస్తకం రాసిన రోజుల్లో ఇంగ్లండు చక్కెర కరీబియన్ దీవుల్లో ఆఫ్రికా బానిసలు పండించింది. 1791లో అక్కడి చాలా కుటుంబాలు ఆ చక్కెర మానేసి ఉద్యమం చేశాయి. 1834లో బానిసత్వం రద్దు అమల్లోకి వచ్చాక తోటలకి కూలీలు కావాల్సి వచ్చారు. 1830ల నుంచీ మన గోదావరి ముఖద్వారంలోని కోరంగి రేవు మీదుగా తెలుగు కూలీలు మారిషస్ చెరుకుతోటలకి వెళ్ళారు. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి డర్బన్ చేరిన ట్రూరో ఓడతో దక్షిణాఫ్రికా నటాల్ తోటలకి వలస మొదలైంది. 1903 నుంచి మద్రాసు ఓడలు ఫిజీకి వెళ్ళాయి. అంటే సముద్రం దాటి గుంపులుగా వెళ్ళిన తొలి తెలుగువాళ్ళు వెళ్ళింది ఈ తెల్లటి పలుకుల కోసమే! ఈ సంకలనం చదివే మనమందరం వలస కథలు చెప్పుకునేటప్పుడు కంప్యూటర్ల దగ్గరా డాక్టర్ల దగ్గరా మొదలెడతాం. ఐసింగు చక్కెర పొట్లం విప్పినప్పుడు నాకు కోరంగి గుర్తొస్తుంది.

పండగని దాచుకోవాల్సి రావడం కూడా మలాజ్‌తో మొదలైంది కాదు. క్రిస్మస్ కేకు పుట్టిల్లు అనుకునే ఇంగ్లండులోనే 1647లో పార్లమెంటు క్రిస్మస్ పండగని రద్దు చేసింది. ప్యూరిటన్ క్రైస్తవుల దృష్టిలో అది బైబిల్లో లేని ఆర్భాటం. ఆ డిసెంబరులో కాంటర్‌బరీలో అంగళ్ళు తెరవమని ఒత్తిడి చేస్తే జనం తిరగబడ్డారు. దానికి ప్లమ్ పుడ్డింగ్ అల్లర్లు అని పేరు పడింది. 1660లో రాజరికంతో పాటు పండగా తిరిగొచ్చింది. అమెరికాలో ఉన్న మిత్రులకి ఇంకో ముక్క: మసాచుసెట్స్‌లో 1659 నుంచి 1681 దాకా క్రిస్మస్ చేసుకుంటే ఐదు షిల్లింగుల జరిమానా.

ఇంకా చిత్రమైనది రెండో ప్రపంచయుద్ధం నాటిది. 1940 ఆగస్టు నుంచి బ్రిటన్‌లో కేకు పైన చక్కెర పూత వెయ్యడం నిషిద్ధం. చక్కెర రేషన్ ఎత్తేసింది 1953లో. ఆ రోజుల్లో పెళ్ళిళ్ళలో ఏం చేశారంటే, అట్టతో ఐసింగులా డొప్ప చేసి, తెల్లగా అలంకరించి, చిన్న మామూలు కేకు మీద బోర్లించేవారు. ఫొటో అయ్యాక డొప్ప తీసి కేకు కోసేవారు. దీని గురించి చదివినప్పుడు నాకు నవ్వు రాలేదు. వాళ్ళకి కేకు చిన్నది, పూత పెద్దది కావాలి. మాకు మలాజ్‌లో కేకు ఎంతైనా కావచ్చు, పూత మాత్రం నోరు విప్పకూడదు. రెండు చోట్లా మనుషులు పూతని వదులుకోలేదన్నదే విశేషం.

సరే, మా పూత సంగతికి వద్దాం. లోపలి కేకులో రమ్ము ప్రసక్తి లేదు గనక ఎండుపళ్ళు నారింజ రసంలో నానబెట్టాం. వెనిలా ఎసెన్సులో ఆల్కహాలు ఉంటుంది, కాబట్టి అక్కడి ఇళ్ళలో వాడే వెనిలా పొడి వేశాం. నలుపు కోసం చక్కెర మాడ్చిన పాకం. కాల్చిన కేకు మీద బాదం ముద్ద అంటుకోవడానికి ఇంగ్లీషువాళ్ళు నేరేడురంగు జామ్‌లు కాదు, ఆప్రికాట్ జామ్ రాస్తారు. మాకు ఖమరుద్దీన్ దొరికింది. ఆప్రికాట్ గుజ్జుని మన మామిడితాండ్రలా ఎండబెట్టిన పలకలు, రంజాను ఉపవాసం విడిచాక నీళ్ళలో కలిపి తాగుతారు. ఒక పలక వేడినీళ్ళలో కరిగించి పూస్తే ఇంతకంటే మంచి జిగురు లేదు.

పూతల్లో మూడింటి మధ్య పోటీ. వెన్న కొట్టిన బటర్ ఐసింగు రుచి, కానీ టాక్సీ హీటర్‌కి జారుతుంది. అప్పడంలా ఒత్తి కప్పే ఫాండెంట్ నున్నగా ఉంటుంది, కానీ ఎడారి పొడిగాలికి చూస్తుండగానే బీటలు వారుతుంది. మిగిలింది రాయల్ ఐసింగు. మూడు తెల్లసొనలు, అరకిలో పైచిలుకు చక్కెర పొడి, ఒక చెంచా నిమ్మరసం, మరీ రాయిలా గట్టిపడకుండా ఒక చెంచా గ్లిజరిన్. మచిలీపట్నం గాలిలో ఇది రాత్రంతా చెమటలు కక్కుతుంది. రియాద్‌లో పొద్దున్నకి సుద్దముక్కలా ఆరి కూర్చుంది. సముద్రం లేని ఊరికి రాయల్ ఐసింగుని మించిన నేస్తం లేదని ఆ రోజు తెలిసింది.

ఇక పైన ఏం పెట్టాలి? ఇంగ్లీషు సంప్రదాయంలో ఐసింగుని చాకు మొనతో లేపి మంచుకుప్పల్లా చేస్తారు, మీద పిట్టనో చెట్టునో నిలబెడతారు. గుంటూరువాళ్ళం, రియాద్‌లో ఉంటున్నవాళ్ళం, మాకు మంచెందుకు? పైగా బేత్లెహేము ఉన్నది లండన్ వైపు కాదు, మా వైపే. ఆలోచించిన కొద్దీ, క్రీస్తు పుట్టుకకి నిజంగా చెందిన వస్తువులు రియాద్‌లో వీధివీధినా ఉన్నాయి. ఒంటె ఉంది, ఖర్జూరపు చెట్టు ఉంది. జ్ఞానులు తెచ్చిన సాంబ్రాణి ధోఫార్, యెమెన్ కొండల చెట్ల బంక. పాత బజారులో గోనెల్లో పోసి అమ్ముతారు, ఇళ్ళలో ధూపం వేస్తారు. క్రిస్మస్‌కి అసలైన అలంకారాల మీద ఆ ఊళ్ళో ఎవరికీ అభ్యంతరమే లేదు. అభ్యంతరం పడేవి తర్వాత యూరప్‌లో చేరిన ఎర్రటోపీ, దేవదారు చెట్టూనూ.

మా ఆవిడ మలబ్బస్ తెచ్చింది. చక్కెర పూత పూసిన బాదంపప్పులు, అరబ్బుల పెళ్ళిళ్ళలో, పురుళ్ళలో పంచుతారు. తెల్లటివి, వెండిరంగువి ఏరి, ఐసింగు మధ్యలో ఎనిమిది కోణాల చుక్క పేర్చింది. మాకది బేత్లెహేము నక్షత్రం. చూసినవాళ్ళకి ఏ అరబ్బు ఇంటి గచ్చు మీదో, గోడ పలక మీదో రోజూ కనబడే డిజైను. నేను వెన్నకాగితాన్ని గోరింటాకు కోన్‌లా చుట్టి, మిగిలిన ఐసింగుతో చుక్క కింద ఐదక్షరాలు పిండాను: ‘ఇమ్మానుయేలు’. దేవుడు మనకు తోడు అని అర్థం. అక్షరాల్లో ఎక్కడా గీతలు లేవు, కోణాలు లేవు, అన్నీ మెలికలే. కోన్‌తో పిండడానికి తెలుగుని మించిన లిపి లేదు. కాస్త దూరం నుంచి చూస్తే అంచు అల్లికే అనుకుంటారు.

టాక్సీ డ్రైవరు వెనక్కి తిరిగి చూసి, “మాషా అల్లా, పెళ్ళా?” అని హిందీలో అడిగాడు. “పుట్టినరోజు” అంది మా ఆవిడ. అబద్ధం కాదు కదా!

ఆ తర్వాత చాలా మారింది. 2016 ఏప్రిల్‌లో నీతి పరిరక్షక బృందాలకి జనాన్ని వెంటాడే, అరెస్టు చేసే అధికారం తీసేశారు. 2019లో పర్యాటకుల వీసాలు వచ్చాయి. 2020 డిసెంబరులో రియాద్ దుకాణంలో క్రిస్మస్ చెట్లూ, వేలాడే గోళీలూ అమ్ముతున్నారని అంతర్జాతీయ పత్రికలు రాశాయి. చర్చి ఇప్పటికీ లేదు, బహిరంగ ఆరాధన ఇప్పటికీ లేదు. కానీ డిసెంబరులో చక్కెరతో చేసిన క్రిస్మస్ తాత కావాలంటే వెతికి తెచ్చుకోవచ్చు. ఒకప్పుడు ఏమీ దొరక్క ఆలోచించినవాళ్ళం, ఇప్పుడు అన్నీ దొరికి ఆలోచిస్తున్నాం. కొత్తగా వచ్చిన కుటుంబాలు ఎర్ర, ఆకుపచ్చ ఫాండెంట్‌తో చక్కటి కేకులు చేస్తున్నాయి. వాటిలో తప్పేమీ లేదు. వాళ్ళు భయం లేకుండా పూస్తున్నారు, అది సంతోషమే.

మా ఇంట్లో మాత్రం ఎనిమిది కోణాల చుక్కే ఉండిపోయింది. అవసరానికి పుట్టింది, ఇప్పుడు ఆచారం. చక్కెర, బాదం, పన్నీరు, చుక్క, అన్నీ ఈ దారినే నడిచాయి కదా, ఇంగ్లండు చుట్టూ తిరిగి రావడం దేనికి అని నా వాదన. మా అమ్మాయికి ఇప్పుడు కాలేజీ వయసు. ఇక్కడ ఇంగ్లీషు, అరబీ, హిందీ చదివిందే గానీ తెలుగు చదవడం రాదు, రాయడం రాదు. ఇంగ్లీషులో రాస్తే అందరూ చదువుతారు కదా, ఇప్పుడు ఇబ్బంది కూడా లేదు కదా అన్నాను మొన్నటి డిసెంబరులో. వినలేదు. కోన్ అందుకుని, వాళ్ళమ్మ పక్కన నిలబడి, ఒక్కసారి కూడా కాగితం చూడకుండా ఐదక్షరాలూ పిండింది. తెలుగులో దానికి రాయడం వచ్చిన మాట అదొక్కటే. ‘మ్మా’ కింద వత్తు నాకంటే గుండ్రంగా వచ్చింది.